మన పన్ను – మన పాఠశాల

ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగునపుడు ప్రతివారును తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని చెవియొగ్గి విందురు. ఆదాయము కన్న వ్యయము హెచ్చుగా నున్నచో ఆ యేడు చేయి బిగించి మెలగవలెనని పెద్దలు ఇంటివారిని హెచ్చరింతురు. ఈ ఆచారమును మన పూర్వులు తెలుగు సీమనుండి ఈ నల్లరేగడి భూములకు వెంట తెచ్చుకొనిరి. కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతముల తెలుగు కుటుంబములలో అది నేటికిని నిలిచి యున్నది. అట్టి ఆదాయ వ్యయముల పట్టిక ప్రభుత్వమునకును కలదు. దానికే బడ్జెట్టని పేరు. రాశిఫలమును శ్రద్ధతో విను మనము, ఈ పట్టికను మాత్రము మనకు సంబంధించినది కాదని ప్రక్కకు నెట్టుచున్నాము.

ఈ విషయమున రెండు మాటలు మనవారి నోట తరచుగా వినబడును. మొదటిది: “నేను పన్ను చెల్లించువాడను కాను, నాకు బడ్జెట్టుతో నేమి పని?” రెండవది: “మన పాఠశాలకు వచ్చు గ్రాంటు సర్కారువారి దయ.” ఈ రెండును సరియైన మాటలు కావని తల్లిదండ్రులకు మనవి చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పన్ను చెల్లింపనివారు కలరా?

పన్నులు రెండు విధములు. ఎవరిపై విధింపబడునో వారే నేరుగా ప్రభుత్వమునకు చెల్లించునది ప్రత్యక్ష పన్ను. ఆదాయపు పన్ను ఇట్టిది. దీనిని చెల్లించువారు మనలో కొందరే. 2025-26 కేంద్ర బడ్జెట్టునందు, నూతన పద్ధతి ననుసరించువారికి సాలుకు 12 లక్షల రూపాయల సాధారణ ఆదాయము వరకు పన్ను పడకుండునట్లు రిబేటు కల్పింపబడినది. కావున సామాన్య కుటుంబీకుడు “నేను పన్ను చెల్లింపను” అని తలచుటలో వింత లేదు.

కాని రెండవ విధమైన పరోక్ష పన్ను అట్లు కాదు. దానిని ప్రభుత్వమునకు జమకట్టువాడు వర్తకుడు, భరించువాడు కొనుగోలుదారు. సబ్బు, పండ్లపొడి, చెప్పులు, వంటపాత్ర మున్నగు వానిలో దేనిని కొన్నను, బిల్లు అడుగున రెండు పంక్తులు కనబడును. ఒకటి కేంద్రమునకు చేరు జీ.ఎస్.టి., రెండవది రాష్ట్రమునకు చేరు జీ.ఎస్.టి. ఆ రెండును సమానములు. నూరు రూపాయల వస్తువుపై 5 శాతము పన్నున్నచో, రెండున్నర రూపాయలు ఢిల్లీకి, రెండున్నర రూపాయలు చెన్నపట్టణమునకు పోవును. కొన్నవాడు లక్షాధికారియా, దినకూలియా యని ఆ బిల్లు అడుగదు.

పెట్రోలు, డీజిలు ఈ జీ.ఎస్.టి.లో ఇంకను చేరలేదు. వానిపై కేంద్రము ఎక్సైజు సుంకమును, రాష్ట్రము వ్యాట్ పన్నును విధించుచున్నవి. లారీలో వచ్చు బియ్యము మూటకును ఈ భారము కిరాయి రూపమున కొంత అంటుకొనును. వీనికి తోడు పురపాలక సంఘమునకు అర్ధ సంవత్సరమున కొకమారు చెల్లించు ఇంటిపన్ను కలదు. అద్దె ఇంటివారికి అది అద్దెలో కలిసి వచ్చును. ఆ ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సుంకము కూడ వసూలగుచున్నది. 1948లో మద్రాసు రాష్ట్రమున చేయబడిన గ్రంథాలయ శాసనము దీనికి మూలము. మన ఊరి గ్రంథాలయమున బిడ్డలు చదువు పుస్తకములో మన యింటి గోడకు కూడ కొంత వంతు కలదన్నమాట.

కాబట్టి పన్ను చెల్లింపని గృహము లేదు. చెల్లించుచున్నామని ఎరుగని గృహములు మాత్రము పెక్కు కలవు.

అగ్గిపెట్టె నేర్పు పాఠము

మన ప్రాంతమున పన్నుల తత్త్వమును బోధించుటకు అగ్గిపెట్టెకు మించిన పాఠ్యపుస్తకము లేదు. 1922లో శివకాశికి చెందిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనువారు కలకత్తాకు పోయి అగ్గిపుల్లల తయారీని నేర్చుకొని వచ్చిరి. 1923లో శివకాశియందు ఆ పరిశ్రమను నెలకొల్పిరి. వానలు చాలని ఈ నేలలో అది సాత్తూరు, కోవిల్పట్టి ప్రాంతములకు వ్యాపించి, పొలమున పని దొరకని కుటుంబములకు, ముఖ్యముగా స్త్రీలకు, కూలి కల్పించెను. 1934లో నాటి ప్రభుత్వము శాసనము చేసి అగ్గిపెట్టెలపై ఎక్సైజు సుంకము విధించెను. సుంకము చెల్లినదనుటకు గుర్తుగా పెట్టెకు ఒక ముద్రకాగితపు పట్టీ అంటింపబడుచుండెను. ఆ సుంకమును కట్టినవాడు కర్మాగారపు యజమాని. తుదకు మోసినది పొయ్యి వెలిగించుకొన్న ఇల్లాలు.

ఆ సుంకపు రేటు అందరికిని ఒక్కటి కాదు. స్వీడను దేశపు మూలధనముతో వెలసిన విమ్కో కంపెనీ వంటి పెద్ద యంత్ర కర్మాగారములకు హెచ్చు రేటును, చేతిపనిపై నడచు చిన్న కర్మాగారములకు తగ్గింపు రేటును ఉండెను. ఈ తేడా చేతిపనివారికి కొండంత అండ యయ్యెను. అయితే దానివలననే వేరొక ఫలితమును కలిగెను. కర్మాగారము పెరిగినచో హెచ్చు సుంకము పడునని యెంచి, ఒక్కటిగా ఎదుగవలసిన సంస్థలను బంధువుల పేర్లతో అనేక చిన్న సంస్థలుగా విడదీసినవారును కలరు. పన్ను ధనమును సేకరించుటతో ఆగదు. మనుష్యుల నడవడిని కూడ మార్చును. మేలు కోరి పెట్టిన రాయితీ సైతము, పెట్టినవారు తలపని త్రోవను తొక్కవచ్చును.

2017 జూలై 1న జీ.ఎస్.టి. వచ్చినపుడు చేతితో చేసిన అగ్గిపెట్టెలకు 5 శాతము, యంత్రముతో చేసినవానికి 18 శాతము పన్ను నిర్ణయింపబడెను. కొంత పని చేతితోను, కొంత యంత్రముతోను చేయువారు ఏ వర్గమున చేరుదురను చిక్కు వచ్చెను. 2020 ఏప్రిల్ 1 నుండి అన్నింటికిని 12 శాతముగా ఒకే రేటు చేయబడెను. చిక్కు తీరినది, కాని చేతిపనికి అంతవరకు గల ప్రత్యేకమైన ఆసరాయును తీరినది. ఈ రేట్లును శాశ్వతములు కావు. 2025 సెప్టెంబరు 22న దేశమంతట ఆ 12 శాతపు అంతస్తే తొలగింపబడి, వస్తువులలో అధికభాగము 5, 18 శాతములలోనికి మార్చబడినవి. కావున ఏ వస్తువుకైనను నేటి రేటును బిల్లుపై చూచుకొనుటయే మేలు.

ఇంకొక సంగతి. ముడిసరకుల ధరలు పెరిగినందున, 14 ఏండ్లపాటు ఒక రూపాయిగా నిలిచిన అగ్గిపెట్టె వెల 2021 డిసెంబరు 1 నుండి రెండు రూపాయలాయెను. పన్ను నూటికింత యని యుండును గనుక, వెల రెట్టింపైనపుడు రేటు మారకున్నను అందులోని పన్ను రెట్టింపగును. “ఈ యేడు క్రొత్త పన్నులు లేవు” అని మంత్రి ప్రకటించినపుడు సంతోషింపవచ్చును. కాని మన చేతినుండి పోవు పన్ను పెరుగదని దానికి అర్థము కాదు.

పన్ను వేరు, రుసుము వేరు

బిడ్డ చదువునకు మనము కట్టు ఫీజు రుసుము. దానికి బదులుగా ఆ బిడ్డకే చదువు లభించును. పన్ను అట్టిది కాదు. చెల్లించినవానికే, చెల్లించినంతకే ప్రతిఫలము కావలెనని పన్ను విషయమున అడుగుటకు వీలులేదు. నేను చెల్లించినది నా వీధి దీపమునకే పోవలెనన్నచో, చెల్లింపలేని బీదవాని వీధి ఎప్పటికిని చీకటిలోనే యుండును. పన్ను అందరినుండి వచ్చును. అక్కర గలచోటికి పోవలెను.

ఈ నీతిని విరుదునగరము వర్తకులు పంతొమ్మిదవ శతాబ్దమునందే ఆచరించి చూపిరి. అచటి నాడారు సమాజమువారు తమ వర్తకమున చేతులు మారు సరకుపై కొద్దిపాటి సొమ్మును “మహిమై” అను పేర సమాజ నిధికి చెల్లించుకొనెడివారు. ఇండ్లలో స్త్రీలు వంటకు బియ్యము తీయునపుడు ఒక పిడికెడు ప్రక్కకు తీసి యుంచెడివారు. ఇట్టి పొదుపుతో క్షత్రియ విద్యాశాల వెలసినది. పిమ్మట రాష్ట్ర ముఖ్యమంత్రి యైన కామరాజు బాల్యమున చదివినది ఆ పాఠశాలయందే. పిడికెడు బియ్యమునకు ఆ తల్లులు రసీదు అడుగలేదు. తమ బిడ్డకే పలక ఇమ్మనియు అడుగలేదు. కాని నిధి లెక్క సమాజము ఎదుట నిలువవలసి యుండెను. చెల్లించుట, ఉమ్మడిగా వ్యయించుట, లెక్క చూపుట యను మూడును కలిసినపుడే అది ధర్మమగును. మూడవది లోపించినచో మొదటిది దండుగ యగును.

మన రాజ్యాంగము ఈ ధర్మమునకు కట్టుదిట్టము చేసినది. శాసనము యొక్క అధికారము లేనిదే ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు అని దాని 265వ అధికరణము శాసించుచున్నది. ఉప్పుపై పన్నును ధిక్కరించి 1930లో దండికిని, మన తమిళనాట వేదారణ్యమునకును నడచిన జనులు అడిగినది ఇదియే: మా అనుమతి లేని పన్ను మాకు వలదు. నేడు ఆ అనుమతిని మన పేర శాసనసభ, పార్లమెంటు ఇచ్చుచున్నవి.

మన సొమ్ము పోవు త్రోవ

కేంద్రము వసూలు చేయు పన్నులలో ఒక భాగము రాష్ట్రములకు తిరిగి రావలెను. ఎంత రావలెనో చెప్పుటకు అయిదేండ్ల కొకమారు ఆర్థిక సంఘము ఏర్పడును. 2021 నుండి 2026 వరకు గల కాలమునకు 15వ ఆర్థిక సంఘము, పంచదగిన పన్నులలో నూటికి 41 వంతులు రాష్ట్రములన్నింటికి కలిపి ఇవ్వవలెనని చెప్పెను. ఆ 41 వంతులలో తమిళనాడు పాలు 4.079 శాతము. జనసంఖ్య, ఆదాయము, వైశాల్యము మున్నగు కొలతలపై ఈ పాలు తేలును. బీద రాష్ట్రములకు ఎక్కువ పోవుట న్యాయమని ఒకరును, జనసంఖ్యను అదుపున నుంచిన రాష్ట్రములు నష్టపడుట అన్యాయమని మరొకరును వాదింతురు. రెండు వాదములలోను బలము కలదు.

“పంచదగిన పన్నులు” అను మాటను మాత్రము గమనింపవలెను. సెస్సు, సర్చార్జి అను పేర్లతో వచ్చునది ఈ పంపకమున చేరదు. 2004లో కేంద్రము పన్నుపై 2 శాతము విద్యా సెస్సు విధించెను. 2007లో మరియొక శాతము చేరెను. 2018 నుండి ఆదాయపు పన్నుపై ఆరోగ్య విద్యా సెస్సు 4 శాతమాయెను. అనగా నూరు రూపాయల ఆదాయపు పన్ను చెల్లించువాడు దానిపై నాలుగు రూపాయలు చదువు, వైద్యముల పేర చెల్లించును. చదువు పేర చెల్లించిన సొమ్ము ఏ బడులకు ఎట్లు చేరినదని తల్లిదండ్రులు విచారించుట తప్పు కాదు.

బడ్జెట్టును చదువుట ఎట్లు?

రాష్ట్రపు బడ్జెట్టున ప్రతి శాఖకును ఒక పద్దు కలదు. దానిని శాసనసభ విడిగా చర్చించి ఆమోదించును. ఆమోదము లేనిదే ఖజానానుండి పైసా కదలదు. 2025 మార్చి 14న, విరుదునగరము జిల్లాలోని తిరుచ్చుళి నియోజకవర్గమునుండి ఎన్నికైన ఆర్థికమంత్రి తంగం తెన్నరసు సమర్పించిన 2025-26 బడ్జెట్టునందు పాఠశాల విద్యకు 46,767 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ఇంత పెద్ద సంఖ్య మనస్సున నిలువదు. 2011 జనాభా లెక్కలలోని 7 కోట్ల 21 లక్షల మందికి దానిని పంచి చూచినచో తలకు ఇంచుమించు 6,500 రూపాయలగును. అయిదుగురున్న ఇంటికి 32,000 రూపాయలకు పైమాట. అందులో అధికభాగము ఉపాధ్యాయుల జీతములకే పోవును.

లెక్కను చూచునపుడు మూడు గడులను సరిపోల్చవలెను. రాబోవు ఏటి మొత్తము బడ్జెట్టు అంచనా. నడచుచున్న ఏటి మొత్తమును మధ్యలో సరిదిద్దినది సవరించిన అంచనా. ముగిసిన ఏట నిజముగా ఖర్చైనది వాస్తవ లెక్క. పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చునది మొదటిది. సత్యము తెలియునది మూడవదానియందు.

మరియొక భేదము. బియ్యము, కూలి, బడి ఫీజు వంటి నిత్య వ్యయము రెవెన్యూ వ్యయము. బావి త్రవ్వించుట, గది కట్టించుట మూలధన వ్యయము. బావి త్రవ్వుటకు అప్పు చేసిన రైతును ఎవరును నిందింపరు. నీరు పడినపుడు అది తీరును. అప్పు చేసి పప్పుకూడు తినుటయే కీడు. ఈ కారణము చేతనే తమిళనాడు 2003లో ఆర్థిక బాధ్యత శాసనము చేసుకొనెను. ప్రభుత్వము ఎంత అప్పు చేసినదని మాత్రమే గాక, దేనికొరకు చేసినదని కూడ మనము అడుగవలెను.

పద్దు లేనిచో పథకము లేదు

బడ్జెట్టున ఒక పంక్తి ఉండుటకును లేకుండుటకును గల భేదమును మన బిడ్డల పళ్లెము చెప్పగలదు. 1920లో, తెలుగు కుటుంబమున జన్మించిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడుగా నుండిన మద్రాసు నగరపాలక సంస్థ, థౌజండ్ లైట్స్ ప్రాంతపు పాఠశాలయందు బీద పిల్లలకు పగటి ఆహారము పెట్ట నారంభించెను. పిల్లల హాజరు పెరిగెను. కాని ప్రాథమిక విద్యా నిధినుండి ఆ వ్యయము చేయరాదని ప్రభుత్వము అభ్యంతరము తెలుపుటచే 1925లో అది ఆగిపోయెను. వంట మంచిదే, పద్దు కుదురలేదు.

1956లో విరుదునగరపు బిడ్డడైన కామరాజు ముఖ్యమంత్రిగా, కోవిల్పట్టికి చేరువనున్న ఎట్టయపురమున మధ్యాహ్న భోజనము ఆరంభమాయెను. మొదట ప్రజల విరాళములు, పిమ్మట ప్రభుత్వపు వంతు చేరి అది రాష్ట్రమంతట ప్రాకెను. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము దానిని పౌష్టికాహార పథకముగా విస్తరించెను. 2022 సెప్టెంబరు 15న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలాహారము మొదలాయెను. అయితే ఆరంభమున అది ప్రభుత్వ పాఠశాలలకే పరిమితము. ప్రభుత్వ సహాయము పొందు ప్రైవేటు పాఠశాలల పిల్లలు, అదే వీధివారైనను, అంతే బీదవారైనను, దానికి వెలుపలనే యుండిరి. గ్రామములలోని సహాయ పాఠశాలలకు 2024 జూలై 15న, పట్టణములలోని వానికి 2025 ఆగస్టు 26న అది విస్తరించెను. ఆకలి యందు భేదము లేదు, పద్దునందే భేదముండెను. పద్దు మారగానే పళ్లెము వచ్చెను.

గ్రాంటు భిక్ష కాదు

ఇప్పుడు మొదట చెప్పిన రెండవ మాటకు వత్తము. భాషచేత గాని మతముచేత గాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనుటకు రాజ్యాంగపు 30వ అధికరణము హక్కునిచ్చినది. దాని రెండవ ఖండము, సహాయమిచ్చునపుడు అల్పసంఖ్యాకుల యాజమాన్యమున నున్నదను కారణమున ఏ సంస్థకును భేదము చూపరాదని ప్రభుత్వమును కట్టడి చేయుచున్నది. 1956లో చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రమును ప్రమాణముగా గొని నిర్ణయింపవలెనని 2002లో టి.ఎం.ఎ. పాయి ఫౌండేషన్ కేసునందు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ఆంధ్రమున అధికసంఖ్యాకులైన తెలుగువారు ఈ రాష్ట్రమున అల్పసంఖ్యాకులే.

ఈ హక్కుకు గల హద్దును కూడ తెలిసికొనవలెను. సహాయము పొంది తీరవలెనను హక్కును 30వ అధికరణము ఇయ్యలేదు. ఇతరులకు ఇచ్చునపుడు మనకు భేదము చూపరాదనియే చెప్పినది. తమిళనాట 1991-92 నుండి క్రొత్తగా తెరచిన ప్రైవేటు పాఠశాలలకు సాధారణముగా గ్రాంటు లేదు. అట్టి నియమము అందరికిని సమముగా నున్నంతవరకు అది భేదము కాదు. దానిని మార్చవలెనన్నచో బడ్జెట్టు ద్వారముననే అడుగవలెను.

మనము తమిళనాట పుట్టి, తమిళుల సరసన అదే సంతలో, అదే ధరకు, అదే పన్నుతో కొనుచున్నాము. బిల్లుపై తెలుగువానికి వేరు రేటు లేదు. చెల్లించునపుడు లేని భేదము పొందునపుడు మాత్రము ఎట్లుండును? మన ఉపాధ్యాయునకు గ్రాంటు ద్వారమున వచ్చు జీతము ఈ ప్రజలందరి సొమ్ము. అందులో మన సొమ్మును కలదు. కావున దానిని చేతులు చాచి పుచ్చుకొనవలసిన పని లేదు; తల యెత్తి పుచ్చుకొనవచ్చును. కాని ప్రజల సొమ్ము గనుకనే దాని లెక్కను తల యెత్తి చూపవలసిన బాధ్యతయు మన సంఘములకు కలదు. తనిఖీని అవమానముగా భావించు సంస్థ హక్కును గూర్చి మాటలాడ తగదు.

తల్లిదండ్రులు చేయదగిన పనులు

మొదటిది, వస్తువు కొన్నపుడు బిల్లు పుచ్చుకొనుట. బిల్లు లేని అమ్మకమున మనము మోసిన పన్ను ఖజానాకు చేరక నడుమనే నిలిచిపోవచ్చును. ఇంట పిల్లలచే ఆ బిల్లులోని పన్నును లెక్క కట్టించినచో శాతముల పాఠము వారికి సులువుగా పట్టుబడును.

రెండవది, గ్రామములందుండువారు గ్రామసభకు పోవుట. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 మున్నగు దినములలో అది సమావేశమగును. పంచాయతీ జమా ఖర్చులను అచట అడుగవచ్చును. అడుగువాడు లేని లెక్క అలికిన నేలవలె నునుపుగానే కనబడును.

మూడవది, బడ్జెట్టు వెలువడిన వారమున పాఠశాల విద్య పద్దును పదిమంది కూడి చదువుట. తెలియని సంగతిని 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి దరఖాస్తు చేసి అడుగవచ్చును.

నాలుగవది, మన సంఘము లెక్కను కూడ ఇదే శ్రద్ధతో అడుగుట. ప్రభుత్వమును ప్రశ్నించి ఇంటి పెట్టెను తెరువకుండుట న్యాయము కాదు.

చినుకు చినుకు చేరి చెరువు నిండును. కాని తూము ఎచటనున్నదో, నీరు ఏ పొలమునకు పారుచున్నదో ఆయకట్టు రైతు ఎరిగి యుండవలెను. వానలు తక్కువైన మన సీమలో ఈ మాటను ఒకరు చెప్పవలసిన పని లేదు. మన పన్ను మనకు తెలియకయే ప్రతిదినమును ఆ చెరువున చేరుచున్నది. ఇక తెలిసికొని చెల్లింతము, తెలిసికొని అడుగుదము. మన భాషను నేర్పు బడి తలుపు తెరచి యుండుటకు మన ప్రేమ యొక్కటియే చాలదు. ఏటేట ఆ పద్దులో ఒక పంక్తి నిలిచి యుండవలెను. దానిని చదువగల తల్లిదండ్రులున్న పాఠశాలకు అండ తక్కువ కాదు.